ఆ పొర కుట్టారా, వదిలేశారా?

భారత ప్రసూతి, స్త్రీవైద్య సంఘాల సమాఖ్య (ఫాగ్సీ) అధ్యక్షులకు, అందులో సభ్యులైన తెలుగు డాక్టర్లకు,



నేను డాక్టర్ని కాను. కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ముప్పై ఏళ్ళకు పైగా ట్రాలీ పక్కన నిలబడ్డ నర్సుని. మీరు కళ్ళు తిప్పకుండా చెయ్యి చాపితే అందులో నీడిల్ హోల్డర్ పెట్టింది నాలాంటి వాళ్ళే. మీ ముఖాల కన్నా మీ చేతులు నాకు బాగా గుర్తు. మాస్కు వెనక ఎవరున్నా ముడి వేసే తీరు చూసి ఫలానా మేడమ్ అని చెప్పేయగలిగేదాన్ని. ఈ ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత అంతే. రిటైరయ్యాక తీరిక దొరికి, థియేటర్లో పీజీలు వాదించుకోగా విన్న సంగతులను నెమ్మదిగా చదువుకున్నాను. అందులోంచి ఒకటి మీ ముందు పెడుతున్నాను.

విషయం చిన్నది. సిజేరియన్‌లో బిడ్డను తీసి, మాయ తీసి, గర్భసంచి కుట్టాక, పైన కండరాలూ వాటిని కప్పే షీతూ మూయకముందు ఒక పలచటి పొర మిగులుతుంది. పెరిటోనియం. దాన్ని కుట్టాలా, అలాగే వదిలేయాలా?

ఇది బహిరంగ లేఖ కాబట్టి డాక్టర్లు కాని వాళ్ళ కోసం కాస్త ఆగుతాను. ఉడికిన గుడ్డు ఒలిచేటప్పుడు పెంకు లోపలి నుంచి ఒక పొర ఊడి వస్తుంది చూడండి, చూపుకి ఇంచుమించు అలాంటిది. కొంత భాగం కడుపు గోడకు లోపలివైపు అస్తరులా ఉంటుంది. మిగతాది పేగులనూ గర్భసంచినీ మూత్రసంచి పైభాగాన్నీ కప్పుకుని ఉంటుంది. విప్పి పరిస్తే దాదాపు ఒంటిమీది చర్మమంత వైశాల్యం. ఎప్పుడూ తడిగా, జారుడుగా ఉంటుంది. పేగులు ఒకదానిమీద ఒకటి రాసుకోకుండా కదిలేది దానివల్లే. సిజేరియన్‌లో దీన్ని రెండుచోట్ల కోస్తారు. ఒకటి కడుపు గోడ దగ్గర, రెండోది గర్భసంచి, మూత్రసంచి కలిసేచోట.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ప్రశ్నే లేదు. అందరూ రెండుచోట్లా కుట్టేవారు. మా పెద్ద మేడమ్ అయితే మరీ. గర్భసంచి మీద క్రోమిక్ క్యాట్‌గట్ అయిపోగానే నేను ఇంకో దారం ఎక్కించి సిద్ధంగా ఉండాలి. ఆలస్యమైతే కసురుకునేవారు. "ఊరెళుతూ తలుపు తీసి పెట్టి వెళతామా సిస్టర్?" అనేవారు. ఆవిడ కుట్టు చూడముచ్చటగా ఉండేది, జాకెట్టు అంచు కుట్టినట్టు. స్పైనల్ ఇచ్చినా ఆ కుట్లు పడేటప్పుడు కొందరు ఆడవాళ్ళు "లోపలేదో లాగుతోంది" అని మత్తు డాక్టరుతో చెప్పుకునేవారు. వాంతి వచ్చేట్టుందనేవారు. గోడ పొరకు నొప్పి తెలుస్తుంది కదా.

తర్వాత బయట శిక్షణ పొంది వచ్చిన ఒక చిన్న డాక్టరమ్మ గర్భసంచి కుట్టి, రక్తం తుడిచి, మాప్‌ల లెక్క అడిగి, నేను దారం చాపితే వద్దంది. పొర రెండుచోట్లా తెరిచే ఉంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆవిడ మరిచిపోయిందనుకుని "మేడమ్, పెరిటోనియం..." అన్నాను. "అదే మూసుకుంటుంది సిస్టర్, మనం వేలు పెట్టకపోతే ఇంకా బాగా మూసుకుంటుంది" అని షీత్ పట్టుకుంది.

కుట్టడం మొదలవడానికి మంచి కారణమే ఉంది. 1881లో జర్మనీలోని మెకెస్‌హైమ్ అనే ఊళ్ళో ఫెర్డినాండ్ కేరర్ గర్భసంచిని కిందిభాగంలో అడ్డంగా కోసి బిడ్డను తీశాడు. గర్భసంచిని ఒక వరస, పైన పొరను ఇంకో వరస కుట్టాడు. అంతకుముందు చాలాచోట్ల గర్భసంచినే కుట్టకుండా వదిలేసేవారు. తల్లులు రక్తం పోయో చీము పట్టో చనిపోయేవారు. యాంటీబయాటిక్స్ లేని కాలం. గర్భసంచిలోని చెడు కడుపులోకి పాకకుండా పొరతో మూత వేయడమన్నది ప్రాణానికి సంబంధించిన పని. ఆ అలవాటు చేతి నుంచి చేతికి వచ్చింది. యాంటీబయాటిక్స్ వచ్చాక కూడా చెయ్యి ఆగలేదు. మా పెద్ద మేడమ్‌ని ఎందుకు కుడుతున్నారని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేవారో. అడిగే ధైర్యం ఎవరికుంది గనక!

ఆ అలవాటును గట్టిగా ప్రశ్నించినవాళ్ళలో లండన్ సర్జన్ హెరాల్డ్ ఎల్లిస్ ఒకరు. 1971లోనూ, 1977లో మళ్ళీనూ ఆయన రాసినదాని సారం ఇది: చర్మం మీద గాయమైతే అంచుల నుంచి మధ్యకు మానుతూ వస్తుంది. పెద్ద గాయానికి ఎక్కువ రోజులు, చిన్నదానికి తక్కువ. ఈ పొర అలా కాదు. తొలకరి పడితే బీడు గట్టునుంచి మధ్యకు పచ్చబడదు కదా, నేలంతా ఒక్కసారే మొలకెత్తుతుంది. ఇదీ అంతే. గాయం ఎంత పెద్దదైనా వారం అటూఇటూగా కొత్త పొర వచ్చేస్తుంది. కుట్టు వేసి లాగి బిగిస్తే ఆ అంచుకు రక్తం సరిగా అందదు. దారమేమో పరాయి వస్తువు. రక్తం అందని చోట, గాయం మీద జిగురులా పేరుకునే ఫైబ్రిన్ కరగదు, పక్కనున్నదేదో వచ్చి దానికి అతుక్కుంటుంది. నూనె రాయని పెనానికి దోసె అంటుకున్నట్టు. మీరు అడ్‌హీషన్లు అనేవి ఇవే. బాధపడేవాళ్ళు మాత్రం "పేగులు అతుక్కుపోయాయన్నారమ్మా" అంటారు.

ఆ తర్వాత మాంట్రియల్‌లో తులంది అనే డాక్టరు బృందం పిల్లలు పుట్టడం కోసం కడుపు కోసి ఆపరేషన్ చేసిన 333 మందిని తీసుకుని, కొన్నాళ్ళకు లాప్రోస్కోపుతో కొందరి కడుపులోకి మళ్ళీ చూశారు. కుట్టినవాళ్ళలో 22 శాతం మందికి, కుట్టనివాళ్ళలో 16 శాతం మందికి అతుకులు కనబడ్డాయి. 1988లో వేసిన ఆ లెక్కలో ఈ తేడా నిలిచేంతది కాదు. కానీ కుట్టడం వల్ల మేలు జరుగుతుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం దొరకలేదు. జెరూసలేంలోని మిస్గవ్ లదాఖ్ ఆసుపత్రిలో మైకేల్ స్టార్క్ ఇంకా ముందుకెళ్ళి, పొరలు రెండూ వదిలేయడాన్ని తన సిజేరియన్ పద్ధతిలోనే భాగం చేశాడు. మా చిన్న డాక్టరమ్మ నేర్చుకుని వచ్చింది ఆ పద్ధతే. బ్రిటన్‌లో నైస్ సంస్థ సిజేరియన్ మార్గదర్శకాల్లో రెండు పొరల్లో ఏదీ కుట్టవద్దని రాసింది. ఆపరేషన్ సమయం తగ్గుతుంది, నొప్పి మందుల అవసరం తగ్గుతుంది, తల్లి తృప్తిగా ఉంటుందని కారణాలు చెప్పింది. 2014లో, ఇలాంటి ప్రయోగాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ వాళ్ళు 17 వేల మందికి పైగా తల్లులున్న ప్రయోగాలన్నీ కలిపి చూశారు. కుట్టకపోతే ఐదారు నిమిషాలు మిగులుతాయని, కుట్టడానికి అయ్యే ఆ సమయానికీ దారానికీ తగ్గ ఆధారం లేదనీ తేల్చారు.

ఇక్కడితో ఆగితే ఈ ఉత్తరం రాసే పనే లేదు. "కుట్టకండి" అని ఒక వాక్యంలో ముగించేదాన్ని. సంగతి అంత తేలిగ్గా తెగలేదు.

2005లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు రెండో సిజేరియన్‌కు వచ్చిన 173 మందిని చూశారు. మొదటిసారి గోడ పొరను కుట్టినవాళ్ళలో అతుకులు తక్కువగా కనిపించాయి. కుట్టనివాళ్ళలో ఎక్కువ. ఎల్లిస్ చెప్పినదానికి తలకిందులు! దానికి వాళ్ళ వాదన వాళ్ళకుంది. బిడ్డ బయటికి వచ్చిన వెంటనే గర్భసంచి ఇంకా పెద్దగానే ఉంటుంది, కడుపు గోడకు ఆనుకుని. మధ్యలో పొర లేకపోతే పచ్చి గాయం మీద పచ్చి గాయం పడుకున్నట్టే. ఇతర ఆపరేషన్ల మాట సిజేరియన్‌కు అచ్చంగా వర్తించదని వాళ్ళ భావం. అయితే ఆ 173 మందిని ముందే చీటీలు వేసి రెండు జట్లు చేయలేదు. మొదటిసారి ఎవరు ఆపరేషన్ చేస్తే వాళ్ళ అలవాటు ప్రకారం జరిగింది. చీటీలు వేసి విడదీసిన అధ్యయనం ఇజ్రాయెల్ నుంచి 2012లో వచ్చింది. మొత్తం 533 మంది. వాళ్ళలో మళ్ళీ ఆపరేషన్‌కు వచ్చి, లోపల చూడటానికి వీలైంది 97 మందే. ఆ 97 మందిలో తేడా కనబడలేదు.

మన దేశమూ పాల్గొన్న కొరోనిస్ ప్రయోగం అన్నిటికన్నా పెద్దది. ఏడు దేశాలు, 15,935 మంది తల్లులు. పొర కుట్టడం, కుట్టకపోవడంతోపాటు ఇంకో నాలుగు జతల పద్ధతులను పోల్చారు. 2013లో మొదటి ఫలితాలు, మూడేళ్ళు వెంటాడి చూశాక 2016లో తర్వాతి ఫలితాలు. పొర విషయంలో అటూ ఇటూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అందులో కొన్ని వేల మందికి చీటీలో పేరు రావడం వల్ల కుట్టారు, కొన్ని వేల మందికి రాకపోవడం వల్ల కుట్టలేదు. ఏం చేశారో ప్రతిదీ రాసిపెట్టారు గనక ఈ మాట చెప్పగలిగారు.

నేను అడగబోయేది ఆ రాసిపెట్టడం గురించే.

ఉద్యోగంలో చివరి సంవత్సరాల్లో ఒక రాత్రి. వేరే జిల్లా నుంచి రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి, నొప్పులతో. ముందు సిజేరియన్ ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో అయింది. వాళ్ళమ్మ ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టి తెచ్చిన డిశ్చార్జి కాగితం నా చేతికిచ్చింది. ఆపరేషన్ వివరాల దగ్గర ఇంగ్లీషులో ఒక్క వాక్యం: కడుపును పొరలు పొరలుగా మూసితిమి. అదీ చేత్తో రాసింది కాదు, రబ్బరు స్టాంపు. కోత వేసి లోపలికి వెళ్ళేసరికి మూత్రసంచి గర్భసంచి మీదికి పాకి పైదాకా అతుక్కుపోయి ఉంది. విడదీయబోతే చిన్న చిరుగు పడింది. బిడ్డ బాగానే ఉన్నాడు. తల్లి మాత్రం రెండు వారాలు క్యాథెటర్‌తో ఉండాల్సి వచ్చింది.

తెల్లవారి వాళ్ళమ్మ వార్డు గుమ్మంలో పట్టుకుంది. "ముందు చేసినోళ్ళు సరిగా కుట్టలేదా సిస్టరుగారూ? లేకపోతే ఎక్కువ కుట్టేశారా?"

ఎక్కువ కుట్టేశారా! నన్ను కొన్ని నెలలు నిద్రపోనివ్వని మాట అది. ఆమెకు పెరిటోనియం తెలియదు, కొరోనిస్ తెలియదు. కానీ ప్రశ్న సరిగ్గా అదే. నేను ఏం చెప్పను? గర్భసంచి మీది పొరను లాగి కుడితే మూత్రసంచి పైకి వచ్చి అతుక్కునే వీలుందని మీరే పీజీలకు చెబుతారు. ఏమీ కుట్టకపోయినా అతుక్కోవచ్చు. ఆ అమ్మాయి విషయంలో ఏది జరిగిందో తెలిసే దారి లేదు. ఆ స్టాంపు రెండు పొరలనూ ఒక్క వాక్యంలో మింగేసింది. నేను నర్సింగ్ హోమ్‌ను తప్పుపట్టడం లేదు. మా కేస్ షీట్లలోనూ అదే వాక్యం ఉండేది. స్టాంపు లేదు, అంతే.

ఇంకో తమాషా చెప్తాను. ఏ డాక్టరు పొర కుట్టారు, ఎవరు కుట్టలేదు అన్నది మా ఆసుపత్రిలో ఒక్కచోట నమోదై ఉండేది. కేస్ షీట్లో కాదు, దారాల స్టాక్ రిజిస్టర్లో. ఒక్కో కేసుకు ఎన్ని ప్యాకెట్లు విప్పానో నేను రాయాలి కదా. పెద్ద మేడమ్ రోజున ఒకటి ఎక్కువ, చిన్న డాక్టరమ్మ రోజున ఒకటి తక్కువ. ఆడిట్ వాళ్ళు ఒకసారి ఆ తేడా పట్టుకుని "ఈ మేడమ్ రోజుల్లో దారం ఎందుకు ఎక్కువ పోతోంది?" అని నన్ను నిలదీశారు. క్యాట్‌గట్ లెక్క మీద ఉన్న పట్టింపు తల్లి కడుపు లెక్క మీద ఎవరికీ లేకపోయింది.

మరి మన దగ్గర ఇది ఎందుకు అంత ముఖ్యం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. ఇన్ని ఎందుకు చేస్తున్నారన్నది వేరే ఉత్తరం. ఇప్పటికైతే ఈ అంకెలకు ఇంకో అర్థం ఉంది. మొదటిది సిజేరియన్ అయితే రెండోదీ చాలామందికి సిజేరియనే. అంటే మళ్ళీ కడుపు తెరిచి లోపల చూసే అవకాశం మన రెండు రాష్ట్రాల థియేటర్లలో దొరికినంతగా లోకంలో చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది. ఇజ్రాయెల్ వాళ్ళకు దొరికింది 97 మంది. మన జిల్లా ఆసుపత్రుల్లో అంతమంది రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? స్టాన్‌ఫర్డ్ వాళ్ళ దగ్గర మొదటి ఆపరేషన్ కాగితాల్లో పొర కుట్టారో లేదో రాసి ఉంది, వెనక్కి తిప్పి చూసుకున్నారు. మన దగ్గర లోపల ఏముందో కళ్ళారా చూస్తున్నాం, ముందు ఏం చేశారో తెలియదు. సగం లెక్క చేతిలో పట్టుకుని రోజూ పారేస్తున్నాం.

కేస్ షీటు తెప్పించుకోవచ్చు కదా అంటారేమో. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులు మూడేళ్ళు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మంచిదే. కానీ మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ నాలుగేళ్ళు తేడా ఉంటే? అర్ధరాత్రి నొప్పులతో వచ్చిన మనిషికి 72 గంటలెక్కడివి? ఆ వివరం ఆసుపత్రి బీరువాలో ఉండి లాభం లేదు. ఆమె ప్లాస్టిక్ కవర్లో ఉండాలి.

గర్భసంచి తీసేసే ఆపరేషన్ మాట కూడా ఒకటి అనుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లో అది ఎంత ఎక్కువో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ కింది పొరను కుట్టేటప్పుడు పక్కనే పోయే మూత్రనాళం కుట్టులో పడటమో మెలిక తిరగడమో జరుగుతుందన్న భయం ఉంది. క్యాన్సర్ కోసం లింఫ్ గ్రంథులు తీసినప్పుడు, నీరు తిత్తికట్టకుండా కడుపులోకి ఇంకిపోవాలని పొరను తెరిచే ఉంచుతారు. జారిన గర్భసంచిని వల వేసి పైకి కట్టినప్పుడు మాత్రం పేగులు వలకు తగలకుండా పొరతో కప్పుతారు. అంటే కుట్టాలా వద్దా అన్నది కేసును బట్టి మారుతుంది. చెయ్యి అలవాటును బట్టి మారకూడదు. అయినా మారుతోంది. పొర మీద ఎవరేం చేశారో కాగితం మీద లేకపోతే అది ఆలోచించి చేసిన పనో, చేతి అలవాటో ఎలా తెలుస్తుంది?

అందరూ ఒకేలా చేయాలని నేను అనడం లేదు. మా పెద్ద మేడమ్ కుట్టిన వేలమంది ఆడవాళ్ళు బాగున్నారు. చిన్న డాక్టరమ్మ వదిలేసిన వాళ్ళూ బాగున్నారు. పెద్ద ప్రయోగాలు కూడా దాదాపు అదే చెప్పాయి. నా వరకు అడిగితే, గర్భసంచి మీది పొరను వదిలేయమంటాను. గోడ పొర సంగతి మీరు ఇంకా చూడాలంటాను. అది నర్సు అభిప్రాయం, పక్కన పెట్టండి. అంగీకార పత్రంలో ఇది చేర్చమనీ అనను. ఆ పత్రం ఇప్పటికే ఎవరూ చదవనంత పొడుగుంది.

1950లో మద్రాసులో పుట్టిన మీ సంఘానికి దేశమంతా శాఖలున్నాయి. ప్రైవేటు కాన్పు ఆసుపత్రుల కోసం 'మాన్యత' పేరుతో పదహారు ప్రమాణాలు మీరే పెట్టారు. నేను అడిగేది పదిహేడోది కాదు, ఉన్న కాగితంలోనే నాలుగు గళ్ళు. డిశ్చార్జి కాగితం మీద, తల్లీబిడ్డల సంరక్షణ కార్డు మీద కూడా. గర్భసంచి మీది పొర: కుట్టాం, వదిలేశాం. గోడ పొర: కుట్టాం, వదిలేశాం. వాడిన దారం. లోపల అతుకులు కనబడ్డాయా, ఎక్కడ. మొదటి మూడూ మొదటి ఆపరేషన్‌కు. నాలుగోది రెండో ఆపరేషన్‌లో నిండితే మొదటి మూడింటికీ అర్థం వస్తుంది. ఆ గళ్ళు తెలుగులో ఉంటే ఇంకా మంచిది. ఈసారి వాళ్ళమ్మ గుమ్మంలో ఎవరినీ పట్టుకుని అడగక్కర్లేకుండా తనే చదువుకుంటుంది.

ఎలా ఉండాలో నేనే తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీసి ఈ లేఖకు జతచేశాను. దాన్ని నింపేది మీరు కాదని నాకు తెలుసు. రాత్రి మూడింటికి, ఆరో కేసు ముగించి, గౌను కూడా విప్పకుండా స్టూలు మీద కూర్చున్న పీజీ అమ్మాయి నింపుతుంది. అందుకని రాయడానికి చోటు పెట్టలేదు. టిక్కు పెట్టడానికే పెట్టాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ థియేటర్ నర్సు